ఫ్యాన్ ‘డైరెక్ట్’ చేయిస్తే సమస్య తీరదు: రేడియేటర్ ఫ్యాన్ మార్చే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

కండ్లకోయ: ఎండాకాలం మధ్యాహ్నం సుచిత్ర, కొంపల్లి దాటి కండ్లకోయ వైపు వచ్చేవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. రోడ్డు పక్కన బోనెట్ ఎత్తి ఒక బండి ఆగి ఉంటుంది. లోపల నుంచి ఆవిరి వస్తుంటుంది. ఒకరు నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడి ఉంటారు, పిల్లలు ఎక్కడ నీడ దొరికితే అక్కడ కూర్చుంటారు. నాగపూర్ హైవే అని అందరూ పిలిచే 44వ నంబర్ జాతీయ రహదారి, అవుటర్ రింగ్ రోడ్డు కలిసే చోటు ఇది. నగరం ట్రాఫిక్‌లో గంటసేపు ఈడ్చుకుంటూ వచ్చిన బండి ఇక్కడికి వచ్చేసరికే వేడెక్కి ఉంటుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటితే ఇంజిన్‌కు ఊపిరాడదు.

ఇలాంటప్పుడు చాలామందికి దొరికే సలహా ఒక్కటే: ‘ఫ్యాన్ డైరెక్ట్ చేయించేయండి, లేదా పెద్ద ఫ్యాన్ వేయించండి’. కొన్నిసార్లు అది పనిచేస్తుంది. చాలాసార్లు అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది, పైగా వైరింగ్ కాలిపోయే ప్రమాదం కొత్తగా తోడవుతుంది. స్కూల్ వ్యాన్, ట్రావెల్స్ కారు, కూరగాయల బండి మీద ఇల్లు గడుపుకునే కుటుంబాలకు ఒక్క రోజు బండి ఆగినా నష్టమే. ఇంజిన్ హెడ్ పని పడితే ఆ నెల సంపాదన మొత్తం పోయినట్టే. అందుకే ఫ్యాన్ పని ఏమిటి, దాన్ని ఎప్పుడు మార్చాలి, మారిస్తే కంట్రోల్ ఎలా పెట్టించాలి అన్నది బండి ఉన్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

ఫ్యాన్ పని ఎప్పుడు?

బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆ వేగంలో ఫ్యాన్ అవసరం దాదాపు ఉండదు. బండి ఆగినప్పుడు, లేదా బోయిన్‌పల్లి, సుచిత్ర సిగ్నళ్ల దగ్గర పాకుతున్నప్పుడు ఆ గాలి ఉండదు. అప్పుడు గాలి లాగాల్సింది ఫ్యానే.

దీన్ని బట్టి జబ్బు ఎక్కడుందో ఇంట్లోనే సగం తెలిసిపోతుంది.

ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కి, హైవే మీద వేగం అందుకోగానే కిందికి దిగుతుంటే అనుమానం ఫ్యాన్ మీదికే వెళ్లాలి. మోటారు, రిలే, ఫ్యూజ్, సెన్సర్, వైరు, వీటిలో ఏదో ఒకటి పనిచేయడం లేదు.

ట్రాఫిక్‌లో బాగానే ఉండి, హైవే మీద లోడుతో పోతున్నప్పుడు లేదా ఎత్తు ఎక్కుతున్నప్పుడు ముల్లు పైకి పోతుంటే సాధారణంగా తప్పు ఫ్యాన్‌ది కాదు. రేడియేటర్ లోపల పూడుకుపోవడం, థర్మోస్టాట్ వాల్వ్ సగంలో ఇరుక్కోవడం, వాటర్ పంపు బలహీనపడటం, కూలెంట్ తగ్గిపోవడం ఇందుకు కారణాలు. వీటికి ఎంత పెద్ద ఫ్యాన్ వేసినా ఉపయోగం లేదు.

ఏసీ వేసిన కొద్దిసేపటికే వేడి పెరుగుతుంటే రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్‌ను చూడాలి. లారీల దుమ్ము, గడ్డి గింజలు, పురుగులు దాని రేకుల మధ్య ఇరుక్కుని గాలిని ఆపేస్తాయి. నీళ్లతో మెల్లగా కడిగిస్తే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. ప్రెషర్ ఎక్కువ పెట్టి కడిగితే రేకులు వంగిపోతాయి, జాగ్రత్త.

మూతను మర్చిపోతున్నారు

ఫ్యాన్ కంటే ముందు చూడాల్సిన వస్తువు ఒకటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. అదే రేడియేటర్ మూత.

హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చాలా కార్లలో ఫ్యాన్ మొదలయ్యేది 92 నుంచి 98 డిగ్రీల మధ్య. అంటే మామూలు నీళ్లు పోసి, మూత లూజుగా ఉన్న బండిలో ఫ్యాన్ తిరగడం మొదలయ్యే సమయానికే నీళ్లు మరిగేదాకా వస్తాయి. ఫ్యాన్ తన పని తాను చేస్తున్నా బండి పొంగుతుంది. నింద మాత్రం ఫ్యాన్ మీద పడుతుంది.

మూత గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి నిలుస్తుంది. సాధారణంగా కార్ల మూతలు 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడి వరకు పట్టి ఉంచుతాయి. ఆ ఒత్తిడిలో నీళ్లు మరిగే వేడి దాదాపు 118 డిగ్రీల దాకా పెరుగుతుంది. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే ఇంకా పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేది ఇదే. మూత రబ్బరు గట్టిపడినా, చీలినా, స్ప్రింగ్ బలహీనపడినా ఈ లాభమంతా పోతుంది. మూత ఖర్చు ఫ్యాన్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి మొదటి ఖర్చు అక్కడ పెట్టడమే లెక్క.

రెండోది నీళ్లు. శివారు కాలనీల్లో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంది. బోరు నీటిలోని ఉప్పు బకెట్లకు తెల్లగా పట్టినట్టే రేడియేటర్ సన్నటి గొట్టాల లోపలా పడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడాలి. లేదా కలిపే అవసరం లేని రెడీమేడ్ కూలెంట్ తీసుకోవాలి.

మూడోది థర్మోస్టాట్. ‘వాల్వ్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది’ అని తీసి పారేసే మిస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. అలా చేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది. మైలేజీ తగ్గుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. వాల్వ్ పాడైతే కొత్తది వేయించాలి తప్ప తీసేయకూడదు.

బెల్ట్ ఫ్యాన్, కరెంట్ ఫ్యాన్

పాత అంబాసిడర్‌లో ఫ్యాన్‌ను బెల్టు తిప్పేది. క్వాలిస్, సుమో, బొలెరో లాంటి బండ్ల పాత మోడళ్లలోనూ ఇంజినే ఫ్యాన్‌ను తిప్పుతుంది. వీటిలో చాలావాటికి మధ్యలో విస్కస్ కప్లింగ్ ఉంటుంది. దాని లోపల చిక్కటి సిలికాన్ ఆయిల్ ఉంటుంది. వేడి పెరిగినప్పుడు ఫ్యాన్‌ను గట్టిగా పట్టుకోవడం, తగ్గినప్పుడు వదలడం దాని పని. ఇంజిన్ అడ్డంగా ఉండే చిన్న కార్లలో ఇంజిన్ బెల్టుతో రేడియేటర్ ముందు ఫ్యాన్ తిప్పడం కుదరదు కాబట్టి కరెంట్ మోటారు ఫ్యాన్ వచ్చింది.

బెల్ట్ ఫ్యాన్‌లో ఒక లోపముంది. బండి ఆగి ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడే గాలి ఎక్కువ కావాలి, అప్పుడే ఫ్యాన్ కూడా మెల్లగా తిరుగుతుంది. కరెంట్ ఫ్యాన్‌కు ఈ బాధ లేదు. ఇంజిన్ వేగంతో సంబంధం లేకుండా పూర్తి వేగంతో తిరుగుతుంది. పాత బండ్లకు కరెంట్ ఫ్యాన్ వేయించాలని యజమానులు అనుకోవడానికి కారణం ఇదే.

అయితే తొందరపడి బెల్ట్ ఫ్యాన్ విప్పేయకూడదు. ముందు కప్లింగ్‌ను పరీక్షించాలి. బండి బాగా తిరిగి వచ్చాక ఇంజిన్ ఆపి, తాళం తీసి, ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పాలి. బరువుగా కదిలి వెంటనే ఆగిపోతే కప్లింగ్ బాగున్నట్టు. ఆగకుండా గిరగిరా తిరుగుతుంటే ఆయిల్ కారిపోయినట్టే. కప్లింగ్ మారిస్తే చాలు, కొత్త వైరింగ్ అక్కర్లేదు. నిండా జనంతో, ఏసీతో, లాంగ్ ట్రిప్పులు తిరిగే డీజిల్ బండికి కంపెనీ ఇచ్చిన ఫ్యాన్‌ను బాగు చేయించుకోవడమే ఎక్కువసార్లు మంచిది.

పెద్ద ఫ్యాన్ వేయించాల్సి వస్తే

రేడియేటర్, మూత, థర్మోస్టాట్, పంపు అన్నీ బాగున్నా ట్రాఫిక్‌లో వేడి తగ్గకపోతే అప్పుడు ఫ్యాన్ సంగతి చూడాలి. ఫ్యాన్ సైజు ఒక్కటే చూసి కొనకూడదు.

షరౌడ్ ముఖ్యం. ఫ్యాన్ చుట్టూ రేడియేటర్‌ను కప్పి ఉంచే ప్లాస్టిక్ తొడుగే షరౌడ్. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచి మాత్రమే గాలి లాగుతుంది, మూలలన్నీ వేడిగానే ఉండిపోతాయి. షరౌడ్ లేని పెద్ద ఫ్యాన్ కంటే షరౌడ్ ఉన్న చిన్న ఫ్యాన్ మేలు.

స్థలం ఉంటే ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపు బిగించాలి. ముందు బిగిస్తే బండి పోతున్నప్పుడు వచ్చే గాలికి అదే అడ్డమవుతుంది. వెనక చోటు లేనప్పుడే ముందు పెట్టాలి.

ప్లాస్టిక్ ట్యాగులను రేడియేటర్ రేకుల్లోంచి దూర్చి ఫ్యాన్ కట్టే పద్ధతి వద్దు. బండి అదురుకు అవి గొట్టాలను రాసి చివరికి లీకు తెస్తాయి. ఇనుప పట్టీతో రేడియేటర్ ఫ్రేమ్‌కు బిగించాలి.

బిగించాక గాలి దిశ చూడాలి. మోటారు రెండు వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. అప్పుడు ఫ్యాన్ గాలి, ఎదురుగాలి ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఫ్యాన్ నడుస్తుండగా బండి ముందు గ్రిల్ దగ్గర ఒక పల్చటి కాగితం పెడితే అది రేడియేటర్ వైపు అతుక్కోవాలి. బయటికి ఎగిరితే దిశ తప్పినట్టు.

కరెంటు లెక్క

ఒక 200 వాట్ల ఫ్యాన్ తీసుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండిలో దాదాపు 13.5 వోల్టులు ఉంటాయి. 200ను 13.5తో భాగిస్తే సుమారు 15 ఆంపియర్లు. అలాంటివి రెండు వేస్తే 30 ఆంపియర్లు. పైగా మోటారు తిరగడం మొదలుపెట్టే ఆ క్షణంలో దీనికి రెండు మూడు రెట్లు కరెంటు లాగుతుంది.

ఇప్పుడు రాత్రి ట్రాఫిక్‌ను ఊహించుకోండి. రెండు హెడ్‌లైట్లకు కలిపి సుమారు 120 వాట్లు, ఏసీ బ్లోయర్‌కు 150 నుంచి 200 వాట్లు, ఫ్యాన్‌కు 200 వాట్లు. మొత్తం 500 వాట్ల దాకా అవుతుంది, అంటే 35 ఆంపియర్లకు పైనే. బండి ఆగి ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తి ఇవ్వదు. తక్కువ పడిన కరెంటు బ్యాటరీ నుంచి పోతుంది. పెద్ద ఫ్యాన్ వేసిన నెలకే బ్యాటరీ పోయిందని బాధపడేవాళ్ల అసలు కథ చాలాసార్లు ఇదే. కొత్త ఫ్యాన్ కొనే ముందు ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో అడిగి తెలుసుకోవాలి.

‘డైరెక్ట్’ ఎందుకు వద్దు

డైరెక్ట్ అంటే సెన్సర్, రిలే లేకుండా ఫ్యాన్ వైరును తాళం లైనుకో, డ్యాష్‌బోర్డు మీది స్విచ్‌కో కలిపేయడం. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి.

ఒకటి, మంటలు. తాళం స్విచ్, దాని సన్నటి వైర్లు 15 ఆంపియర్లను గంటల తరబడి మోయడానికి చేసినవి కావు. వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఫ్యూజ్ లేకపోతే అక్కడి నుంచి నిప్పు అంటుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు.

రెండు, మరుపు. చేత్తో వేసే స్విచ్ మీద ఆధారపడితే ఏదో ఒక రోజు మర్చిపోతారు. ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలన్న తొందరలో ముల్లు వైపు చూసేదెవరు?

మూడు, మోటారు ఆయుష్షు. చల్లటి ఉదయం కూడా ఆగకుండా తిరిగే మోటారు బ్రష్‌లు త్వరగా అరిగిపోతాయి. అది ఆగిపోయేది మళ్లీ ట్రాఫిక్‌లోనే.

దారిలో బండి ఆగిపోతే ఇంటికి చేరేదాకా తాత్కాలికంగా, ఫ్యూజ్ పెట్టి, డైరెక్ట్ చేసుకోవచ్చు. దాన్నే శాశ్వత రిపేరు అనుకోకూడదు.

సరైన కంట్రోల్ ఇలా ఉంటుంది

ఫ్యాన్‌కు పోయే పెద్ద కరెంటు రిలే ద్వారా పోవాలి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే డబ్బానే రిలే. దాని కింద నంబర్లు ఉంటాయి. 30వ నంబరుకు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా వైరు రావాలి. 87 నుంచి ఫ్యాన్‌కు పోవాలి. 85, 86 అన్నవి రిలే లోపలి కాయిల్‌వి. వాటిలో ఒకదానికి తాళం లైను, రెండోదానికి టెంపరేచర్ స్విచ్ ద్వారా ఎర్త్ ఇస్తారు. బండి వేడెక్కగానే స్విచ్ ఎర్త్ కలుపుతుంది, రిలే పడుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది.

ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో వైరు ఎక్కడ రాసుకుని షార్ట్ అయినా ఆపేదేమీ ఉండదు. 15 ఆంపియర్ల ఫ్యాన్‌కు 20 లేదా 25 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది. ఫ్యూజ్ మాటిమాటికి పోతుంటే ఇంకా పెద్దది వేయడం, రేకు చుట్టడం ప్రాణాంతకం. మోటారు బిగుసుకుపోయిందేమో చూడాలి. వైరు ఒక్కో ఫ్యాన్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. రెండు ఫ్యాన్లకు కలిపి ఒకే లైనైతే 4 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. ఎర్త్ వైరు కూడా అంతే మందం ఉండాలి. రంగు గీకి, శుభ్రమైన ఇనుము మీద బిగించాలి.

టెంపరేచర్ స్విచ్ ఎన్ని డిగ్రీలది అన్నది అన్నిటికంటే ముఖ్యం. థర్మోస్టాట్ వాల్వ్ చాలా బండ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. ఫ్యాన్ దాని తర్వాత మొదలవ్వాలి. ఉదాహరణకు 95 దగ్గర ఆన్ అయి, 88 లేదా 90 దగ్గర ఆఫ్ అయ్యే స్విచ్ తీసుకుందాం. ఈ ఐదు నుంచి ఏడు డిగ్రీల తేడా కావాలని పెట్టిందే. లేకపోతే ఫ్యాన్ నిమిషానికి పదిసార్లు ఆగుతూ తిరుగుతూ రిలేను తినేస్తుంది. ‘ఇంకా చల్లగా ఉంటుంది’ అని 80 డిగ్రీల స్విచ్ వేస్తే ఫ్యాన్ అసలు ఆగదు, ఎందుకంటే ఇంజిన్ అంతకంటే చల్లబడకుండా థర్మోస్టాట్ చూసుకుంటుంది. స్విచ్ బిగించే చోటును బట్టి కూడా డిగ్రీలు మారతాయి. రేడియేటర్ పైభాగంలోకి వేడి నీళ్లు వస్తాయి, చల్లబడ్డ నీళ్లు బయటికి పోతాయి. అందుకే ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన స్విచ్చే అడిగి తీసుకోవాలి.

డిగ్రీలు మనమే మార్చుకునే చిన్న కంట్రోలర్లు కూడా దొరుకుతాయి. వాటి సెన్సర్‌ను రేకుల మధ్య ఊరికే గుచ్చితే గాలి తగిలి తప్పుడు లెక్క చూపిస్తుంది. కూలెంట్‌ను తాకేలా బిగిస్తేనే నమ్మవచ్చు.

ఏసీ ఉన్న బండైతే ఏసీ వేసినప్పుడు కూడా ఫ్యాన్ తిరిగేలా రెండో లైను ఇవ్వాలి. లేదంటే బండి ఆగినప్పుడు ఏసీ చల్లదనం తగ్గుతుంది, గ్యాస్ ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది.

కొత్త కార్లలో

ఇప్పటి కార్లలో ఫ్యాన్‌ను ఇంజిన్ కంప్యూటరే నడుపుతుంది. కూలెంట్ సెన్సర్, ఏసీ ఒత్తిడి చూసి తక్కువ వేగమా, ఎక్కువ వేగమా అన్నది అదే నిర్ణయిస్తుంది. వీటిలో వైర్లు కోయకూడదు. సెన్సర్ ప్లగ్ పీకితే కంప్యూటర్ జాగ్రత్త కోసం ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పడం చాలా కార్లలో ఉంది. అలా తిరిగితే మోటారు, రిలే బాగున్నట్టు. వెతకాల్సింది సెన్సర్‌లో.

తక్కువ వేగం పోయి ఎక్కువ వేగం మాత్రమే పనిచేస్తుంటే రెసిస్టర్ కాలిపోయి ఉండవచ్చు. రెసిస్టర్ వాడే మోడళ్లలో దాన్ని ఒక్కదాన్ని మారిస్తే సరిపోతుంది, ఫ్యాన్ మొత్తం మార్చనక్కర్లేదు.

ఆర్సీ వివరాలకు తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. ఫ్యాన్ ఆ వివరాల్లో ఉండదు. కానీ వారంటీ ఉన్న బండిలో బయట వైరింగ్ చేయిస్తే వారంటీ చిక్కు రావచ్చు. పని చేయించిన బిల్లు దాచుకోవాలి.

దారిలో బండి వేడెక్కితే

నిజామాబాద్ జిల్లా బడాపహాడ్ దర్గాకో, పెళ్లికో కుటుంబంతో వెళ్తూ ముల్లు ఎర్ర గీత వైపు పోతే కంగారు పడవద్దు. ముందు ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా వేయాలి. అది లోపల ఉక్కపోతగా ఉన్నా ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. సురక్షితమైన చోట పక్కకు తీసి ఆపాలి. ఆవిరి వస్తున్నా, ఫ్యాన్ తిరగకపోయినా ఇంజిన్ వెంటనే ఆపేయాలి. అందరినీ రోడ్డుకు దూరంగా, రెయిలింగ్ అవతల నిలబెట్టాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033కు ఫోన్ చేయవచ్చు.

మూత వెంటనే తీయకూడదు. లోపలి నీళ్లు ఒత్తిడితో మొహం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే, గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగలవచ్చు.

ఇంకో హెచ్చరిక: చాలా కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ హఠాత్తుగా తిరగవచ్చు. బోనెట్ ఎత్తినప్పుడు వేళ్లు, దుపట్టా కొంగు, పిల్లల చేతులు దగ్గరికి రాకూడదు.

మిస్త్రీని అడగాల్సిన ప్రశ్నలు

1. మూత, థర్మోస్టాట్, కూలెంట్ లెవెల్ చూశారా?
2. ఫ్యాన్ ఎన్ని వాట్లు, ఎన్ని ఆంపియర్లు లాగుతుంది?
3. రిలే ఉందా? ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉందా, ఎంత ఆంపియర్లది?
4. టెంపరేచర్ స్విచ్ ఎన్ని డిగ్రీలకు ఆన్, ఎన్ని డిగ్రీలకు ఆఫ్?
5. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతుందా?
6. షరౌడ్ తిరిగి బిగించారా?

బండి తీసుకునే ముందు షెడ్డులోనే ఇరవై నిమిషాలు ఇంజిన్ నడిపి చూడాలి. ఫ్యాన్ తనంతట తాను మొదలై, తనంతట తాను ఆగాలి. రెండుసార్లు అలా జరిగాకే డబ్బులు ఇవ్వాలి. స్కూల్ వ్యాన్‌లో కూర్చునే పిల్లలు వాళ్ల తల్లిదండ్రులు అప్పగించిన అమానత్. ఆ ఇరవై నిమిషాల ఓపిక వాళ్ల కోసమైనా ఉండాలి.